గోరుముద్ద పెట్టే చేతులేవీ?

కార్తీకం వచ్చింది. తూర్పుగాలి తిరిగింది. ఏటిగట్టు మీద చీరమీను చేప అమ్ముతున్నారని పొద్దున్నే తెలిసి, గిన్నె పట్టుకుని వెళ్లి కొలిపించి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చేసరికి నా మునిమనవడు ఎత్తు కుర్చీలో, నడుముకు బెల్టు కట్టించుకుని కూర్చున్నాడు. ఎనిమిది నెలలవాడు. వాడి ఎదురుగా నీళ్లచెంబుకు ఆనించిన ఫోను. అందులో రంగురంగుల బొమ్మలు గెంతుతున్నాయి. వాడు రెప్ప వెయ్యడం లేదు. నగరం నుంచి వచ్చిన నా మనవరాలు చెంచాతో ఏదో తెల్లటి ముద్ద నోట్లో పెడుతోంది, వాడు మింగేస్తున్నాడు. తియ్యగా ఉందా, చప్పగా ఉందా, అసలు నోట్లో ఏముందన్న ధ్యాసే వాడికి లేదు.

"అదేం పెట్టడమే తల్లీ? వాడు నీ మొహమైనా చూడటం లేదు."

"ఫోను లేకపోతే నోరు తెరవడమ్మమ్మా. పదింటికి నాకు మీటింగుంది. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి."

ఇరవై నిమిషాలు. పసిబిడ్డ తిండికి గడియారం పెట్టడం నేను ఈ యానాంలో ఇప్పుడే చూస్తున్నాను. నాకు డెబ్బై ఆరేళ్లు. బడిపంతులమ్మగా పని చేసి రిటైరయ్యాను. ముగ్గురు పిల్లల్ని కన్నాను, మనవల్ని పెంచాను. నేను సణుగుతున్నానని ఇంట్లోవాళ్లకు తెలుసు, వీధిలోవాళ్లకూ తెలుసు. కానీ ఈ సణుగుడు ఊసుపోక చేస్తున్నది కాదు. దీని వెనక ఒక బిడ్డ ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది 1949లో, యానాంలో ఇంకా ఫ్రెంచి జెండా ఎగురుతున్నప్పుడు. 1954 జూన్ 13న ఆ జెండా దిగి మన జెండా ఎగిరిందని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. నాకు బాగా గుర్తున్నది మా అమ్మ తల మీద తట్ట. చీకటుండగానే గట్టు మీద చేపలు వేలంలో పాడుకుని, తట్ట నెత్తికెత్తుకుని ఇంజరం దాటి పొలాల ఊళ్లకు పోయేది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చాక తిరిగొచ్చేది. అంతసేపూ చంటిపిల్లనైన నేనేం తిన్నాను? పక్కింటి పిన్ని తన బిడ్డకు ఒక వైపు, నాకు ఒక వైపు పాలిచ్చేదట. మా అమ్మమ్మ పెసరకట్టు కాచి ఉంచేదట. ఎదురింటి ముసలమ్మ కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద నన్ను పడుకోబెట్టి నీళ్లు పోసేదట. మా అమ్మ తట్ట మొయ్యగలిగిందంటే, ఆ వెనక నన్ను మోసినవాళ్లు నలుగురున్నారు.

మా రోజుల్లో బిడ్డకు అన్నం పెట్టడం అలా ఉండేది. వెన్నెల్లో అరుగు మీద కూర్చుని ముద్దపప్పు, నెయ్యి, మెత్తగా పిసికిన అన్నం కలిపి, అక్క పిల్లలకూ పక్కింటి పిల్లలకూ ఒకే గిన్నెలోంచి గోరుముద్దలు పెట్టేవాళ్లం. ఒకడు తింటుంటే చూసి ఇంకొకడు నోరు తెరిచేవాడు. చందమామను చూపించేవాళ్లం, కాకిని పిలిచేవాళ్లం, మధ్యలో వాడు ఒళ్లోంచి దిగి పాకిపోతే వెనకాలే వెళ్లేవాళ్లం. ఎవరూ పిల్లవాడి దవడ పట్టుకుని కుక్కేవారు కాదు. గంటసేపు పట్టేది. ఆ గంటలో వాడు తినడమూ నేర్చుకున్నాడు, మాటలూ నేర్చుకున్నాడు, మనుషుల్నీ నేర్చుకున్నాడు. ఏడాది నిండనివాళ్లకూ, రెండేళ్లలోపువాళ్లకూ తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా అరుగు మీద తెర లేదు. ఆకాశం ఉండేది.

అయితే మా రోజులన్నీ బంగారమని చెబితే అబద్ధం ఆడినట్టే. మేం చేసిన తప్పులు చిన్నవి కావు.

1970లో నాకు తొలి కానుపు. పురిటిగదిలో మంత్రసాని, మా అమ్మ, అమ్మమ్మ. బిడ్డ బయటపడి ఏడ్చింది. నా రొమ్ములో పసుపుపచ్చగా, చిక్కగా పాలు వచ్చాయి. "ముర్రుపాలు. అవి పట్టకూడదు, బిడ్డకు అరగవు" అని పిండి పారబోయించారు. మూడు రోజులు అలా పారబోశాం. ఆ మూడు రోజులూ బిడ్డ నోట్లో తేనె, ఆముదం, పంచదార నీళ్లు. వీధిలోకి గాడిదను తోలుకొచ్చినవాణ్ణి ఆపి ఉగ్గుగిన్నెడు గాడిదపాలు కొని పట్టారు, దగ్గు రాదని.

అదే నెలలో మా ఇంటి వెనక ఆవు ఈనింది. దాని ముర్రుపాలు పిండి, బెల్లం, మిరియాలు వేసి జున్ను కాచి వీధి వీధంతా పంచాం. "మంచి బలం, తినండి" అని ఒకరికొకరు పెట్టుకున్నాం. ఆవు దూడ కోసం దాచుకున్న బలం మనకు తెలుసు. మనిషి తల్లి తన బిడ్డ కోసం తెచ్చుకున్న బలాన్ని మాత్రం గోడవారన పారబోశాం. నాకప్పటికి ఇరవై ఒక్క ఏడు. చదువుకున్నదాన్ని. నోరెత్తలేదు. ఆ చిక్కటి పాలలో రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఉంటుందనీ, అది బిడ్డకు తొలి రక్షణ అనీ తరవాత తెలుసుకున్నాను. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం ప్రమాదమనీ, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించగలదనీ ఇంకా ఆలస్యంగా తెలిసింది.

ఇక బాలింత పత్యం. కాయం, సొంఠి, వెల్లుల్లి, నెయ్యి, పాతబియ్యపు అన్నం. దాహమేస్తే గుక్కెడు వేడినీళ్లు. "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది" అనేవారు. తల్లిపాలలో నూటికి 87 వంతుల పైన నీరే. ఆ నీరు ఎక్కణ్ణించి రావాలి? దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి, అర్ధరాత్రి అందరూ పడుకున్నాక కుండలో నీళ్లు దొంగతనంగా తాగిన బాలింతను నేను.

కానీ అదే పత్యంలో మంచీ ఉంది. పదకొండో రోజు దాటాక మా అమ్మ పాలసొర తెచ్చి, ఉడికించి, చిదిపి, వెల్లుల్లి, ఉల్లిపాయ, పసుపు వేసి సొరపిట్టు చేసేది. పాలు పడతాయని. చేప ఒంటికి బలమే కదా. మూడు నెలలు నన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలన్న కట్టుబాటులో ఉన్న తెలివి అది. తల్లికి మూడు నెలల నిద్ర, మూడు నెలల తిండి, బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంకొకరు. ఇప్పటి డాక్టర్లు చీటీ మీద రాయలేని మందు అది.

అన్నప్రాసన విషయంలోనూ పెద్దలు దారి తప్పలేదు. మగపిల్లవాడికి ఆరో నెల, ఆడపిల్లకు ఐదు లేదా ఏడో నెల. మా ఇంట్లో అందరికీ మా ఊరి మీసాల వెంకన్న గుళ్లోనే చేశాం. పరమాన్నం ఉంగరంతో నాకించి, పుస్తకం, బంగారం, కత్తి, మట్టి ముందు పెట్టి పాకమనేవాళ్లం. ఆరు నెలల వరకూ తల్లిపాలు ఒక్కటే చాలు, ఎండాకాలమైనా గుక్కెడు నీళ్లు కూడా అక్కర్లేదు, ఆరు నెలలు నిండగానే పై తిండి మొదలుపెట్టాలి అని ఇప్పుడు లోకమంతా చెబుతున్న మాట. కడుపులో ఉండగా తల్లి దగ్గర్నించి తెచ్చుకున్న ఇనుము ఆ వేళకు అడుగంటుతుంది. అందుకని తిండి రావాలి. పెద్దలు ఆ ముహూర్తాన్ని ఇంచుమించుగా పట్టుకున్నారు. మేం చెడగొట్టింది ఆ మర్నాటి నుంచి. అన్నప్రాసన నాడు పరమాన్నం నాకించి, రెండో రోజు నుంచి పలచటి గంజి, చారునీళ్లు. ఏడాది వచ్చినా అంతే. పండగ చేశాం, కంచం మరిచాం.

ఇప్పుడు చెప్పాల్సిన బిడ్డ దగ్గరికొస్తాను.

1972లో నాకు రెండో కూతురు పుట్టింది. మళ్లీ ఆడపిల్లే అని ఇంట్లో మొహాలు వాడిపోయాయి. ఏడాది తిరక్కుండానే నాకు మళ్లీ నెల తప్పింది. "కడుపుతో ఉన్నదాని పాలు బిడ్డకు విషం" అన్నారు. ఆ సాయంత్రమే వేపాకు నూరి నా రొమ్ముకు రాశారు. అది నోరు పెట్టి, చేదు తగిలి, నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేనిప్పటికీ మర్చిపోలేను. పదకొండు నెలల పిల్ల. రాత్రికి రాత్రి పాలు పోయాయి. బదులుగా ఏం పెట్టాం? గంజి. నీళ్లు కలిపిన పాలు. ఓ ముక్క బిస్కత్తు.

మా ఇల్లు చేపల ఇల్లు. తట్ట నిండా బొమ్మిడాయిలు, గొరసలు, రొయ్యలు. కానీ దానికి ఒక్క ముక్క పెట్టలేదు. "మాటలు రానిదే నీచు పెట్టకూడదు, నత్తి వస్తుంది" అన్నారు. గుడ్డు పెడదామంటే వేడి. అరటిపండు పెడదామంటే జలుబు. ములగాకు పప్పు విరేచనాలు. చివరికి మిగిలింది తెల్లటి గంజే. ఇంటి నిండా తిండి ఉండి, బిడ్డ కంచం ఖాళీ.

రెండేళ్లు వచ్చేసరికి దాని కాళ్లు పుల్లల్లా అయ్యాయి, పొట్ట ఉబ్బింది, జుట్టు ఎర్రబడి రాలింది. ఆడటం మానేసి గుమ్మంలో కూర్చుని ఊరికే చూసేది. చేపల కాటా మీద తూస్తే ఎనిమిది కిలోలు తూగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పక్షిదోషం అన్నారు. సాయంత్రం పూట పిట్ట దాని మీదుగా ఎగిరి నీడ పడిందన్నారు. తాయెత్తు కట్టించాం. దిష్టి తీశాం. ఎండుతున్న పిల్లకు పొట్ట మీద చురకలు వేయించమని కూడా ఒకావిడ చెప్పింది. అది మాత్రం నేను పడనివ్వలేదు.

చాలా ఏళ్ల తరవాత ఒక పుస్తకంలో చదివాను. ఆఫ్రికాలో గోల్డ్ కోస్టు అని పిలిచే దేశంలో, అదే ఇప్పటి ఘనా, సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పని చేసింది. 1935లో ఆవిడ ఒక పిల్లల జబ్బుకు అక్కడి ప్రజలు వాడే పేరునే లోకానికి చెప్పింది: క్వాషియోర్కర్. తరవాతి బిడ్డ రావడంతో తల్లి ఒడి పోగొట్టుకున్న బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అక్కడి తల్లులు ఆ జబ్బుకు పెట్టిన పేరులోనే కారణం ఉంది. మేం పిట్ట మీదికి నెట్టాం.

దాన్ని నిలబెట్టింది తోటి టీచరొకావిడ తెచ్చిచ్చిన ఒక కాగితం. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. ఎండిపోయిన పిల్లల కోసం వాళ్లు ఒక పిండి చెప్పారు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ గుళ్లు 10, అన్నీ వేయించి పొడి కొట్టి, 20 గ్రాముల బెల్లం. దానికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. రోజుకు ఆ 86 గ్రాములలో 330 కేలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. డబ్బా అక్కర్లేదు, దాని మీద దొరల బిడ్డ బొమ్మ అక్కర్లేదు. మా పచారీ కొట్లోనే అన్నీ ఉన్నాయి. వేయించి, దంచి, జల్లించి, కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టాను. గుడ్డు పెట్టాను. "నత్తి వస్తే రానీ" అని చేప ముల్లు తీసి పెట్టాను. నత్తి రాలేదు. పిల్ల బతికింది.

బతికింది కానీ ఎదగలేదు. కడుపున పడిన నాటి నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న వెయ్యి రోజుల్లో పోయిన ఎత్తు తరవాత ఎంత పెట్టినా చాలావరకు తిరిగి రాదట. ఇప్పుడు దానికి యాభై మూడేళ్లు. నా భుజం దగ్గర ఆగిపోయింది. అక్కా తమ్ముడూ పక్కన నిలబడితే ఇంకెవరి పిల్లో అనుకుంటారు. దాని తప్పేం లేదు. ఎత్తు తక్కువైన ఆ తల్లికి పుట్టిన బిడ్డ కూడా తక్కువ బరువుతోనే పుట్టింది. రెండు కిలోలు. ఆ రెండు కిలోల పిల్లే ఈ పొద్దు ఫోను పెట్టి బిడ్డకు తిండి పెడుతున్న నా మనవరాలు.

చిన్న తల్లికి చిన్న బిడ్డ పుట్టడం మా ఊరికి కొత్త కాదు. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చాక, పసిపిల్లలకు పెళ్లిళ్లు చెయ్యదలచినవాళ్లు సరిహద్దు దాటి యానాం వచ్చేవారు. ఇక్కడ ఫ్రెంచివాళ్ల పాలన, ఆ చట్టం చెల్లదు. అందుకే మా ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. పేరు వింటే ముచ్చటగా ఉంటుంది. ఆ పందిళ్ల కింద కూర్చున్న పిల్లలు పదమూడు పద్నాలుగేళ్లకే తల్లులయ్యారు. తన ఎముకలే ఇంకా పెరుగుతున్న పిల్ల, కడుపులోని బిడ్డకు ఏం పంచిపెట్టగలదు? ఆపైన "ఎక్కువ తినకు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని ఆంక్ష. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, అడుగున మిగిలిన చారూ అన్నమూ కోడలికి. పసిబిడ్డ తిండి పుట్టాక మొదలవదు. ఆ ఇంటి కోడలి కంచంలో మొదలవుతుంది.

నా మనవరాలు పుట్టిన సంవత్సరం ఈ తీరంలో ఎవరూ మరవరు. 1996 నవంబరు 6. ఆ రాత్రి తుపాను కాకినాడ, యానాం, కోనసీమల మీద విరుచుకుపడింది. కొబ్బరిచెట్లు మొదలంటా లేచిపోయాయి, వెయ్యిమందికి పైగా చనిపోయారు. నా కూతురు మూడు వారాల బాలింత. తెల్లారేసరికి ఇంటి పైకప్పు లేదు, పొయ్యి లేదు, నూతిలో ఉప్పునీరు. ఎవరో చుట్టాలు పాలపొడి డబ్బా, సీసా తెచ్చి ఇచ్చారు. "బిడ్డ రెండు కిలోలే, తల్లి పాలు చాలవు, ఇవి పట్టండి" అన్నారు. నేను ఆ డబ్బా తీసి అటక మీద పెట్టాను. తాగడానికే మంచినీళ్లు లేని చోట పాలపొడి ఏ నీళ్లలో కలుపుతాం? ఆ సీసా ఎందులో మరిగిస్తాం? నా కూతురికి నేను చేసిన అన్యాయం దాని బిడ్డకు జరగనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. బిడ్డను దాని గుండెకు ఆనించి కట్టాను. దొరికిన గంజి, కొబ్బరి, ఎండుచేప అంతా ముందు దానికే పెట్టాం. ఇంటి మగవాళ్లతో గట్టిగా చెప్పాను, "ముందు బాలింత తినాలి, తరవాత మీరు" అని. రెండు కిలోల పిల్ల తల్లిపాలతోనే ఆ తుపాను దాటింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అలా దాటిన పిల్ల బిడ్డకు, ఇరవై తొమ్మిదేళ్ల తరవాత, నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో, ఆగని కరెంటు, పారే మంచినీళ్లు, ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండగా, తొలి తిండిగా డబ్బాపాలు పట్టారు. ఆపరేషన్ చేశారు, తల్లి మత్తులో ఉంది, బిడ్డ ఏడుస్తున్నాడు అని. ఎందుకని ఎవరూ అడగలేదు. మా రోజుల్లో ముర్రుపాలు పారబోసింది అజ్ఞానం. ఇప్పుడు ముర్రుపాలు బిడ్డకు అందకుండా చేస్తున్నది తొందర. బిడ్డకు రెండూ ఒకటే.

ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతతోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కోత అవసరమైతే చెయ్యాల్సిందే. మత్తు దిగుతూనే, కుట్లు నొప్పి పెడుతున్నా, పక్కన ఒక మనిషి కూర్చుని బిడ్డను సరిగ్గా పట్టిస్తే ఆ తల్లీ పాలివ్వగలదు. ఆ మనిషే లేదు. ఆ సర్వే నాటికి దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగుతున్న బిడ్డలు నూటికి 42 మందికి మించి లేరు. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా తిండి, సరిపడా రకాలతో తింటున్నది నూటికి 11 మంది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 35 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. నా రెండో కూతురు 1974లో గుమ్మంలో కూర్చున్నట్టే ఎందరు పిల్లలు ఇంకా కూర్చున్నారో లెక్క వేసుకోండి. అందరూ లేనివాళ్ల ఇళ్లలో లేరు. కలిగిన ఇళ్లలోనూ ఉన్నారు.

కలిగిన ఇళ్లలో ఏం పెడుతున్నారో చూస్తున్నాను కదా. ఏడో నెలలో బిస్కత్తు పాలలో నానబెట్టి పెడతారు. తొమ్మిదో నెలలో రంగు డబ్బాలోని పిండి. ఏడాదికి చేతిలో ఐదు రూపాయల చిప్సు పొట్లం. మావయ్య వస్తే చాక్లెట్టు, తాతయ్య వస్తే జ్యూసు. మా రోజుల్లో చుట్టం వస్తే తేగలు, తాటిబెల్లం, అరటిగెల తెచ్చేవాడు. ఇప్పుడు పొట్లం తెస్తేనే ప్రేమ. పొట్లం తిన్న బిడ్డకు ఉప్పూ తీపీ నాలుకకు పట్టేస్తాయి, పప్పన్నం చప్పగా ఉందని ఉమ్మేస్తాడు. అప్పుడు "మావాడు ఏమీ తినడు" అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఫోను తీస్తుంది.

డబ్బాపాల మీద ముద్దొచ్చే బిడ్డ బొమ్మ వెయ్యకూడదని, తల్లులకు ఉచితంగా డబ్బాలు పంచకూడదని మన దేశం 1992లోనే చట్టం చేసింది, రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలు కూడా ఇవ్వకూడదని 2003లో ఇంకా బిగించింది. మంచి చట్టం. మా కాలంలో ఆ బొమ్మలోని బిడ్డను చూసే తల్లులు తమ పాలు నీళ్లపాలని నమ్మారు. బొమ్మ పోయింది, నమ్మకం పోలేదు. బిడ్డ ఏడిస్తే చాలు, "నీకు పాలు సరిపోవడం లేదేమో" అని ముందు అనేది అత్తగారే, ఆ తరవాత ఫోనులో తోటి తల్లులు. నా కడుపున పుట్టిన కూతురే తన కూతురితో ఆ మాట అంది. తనకు తల్లి పాలు ఎలా పోయాయో దానికి గుర్తుండే వయసు కాదు. నాకు గుర్తుంది.

మా మనవరాలికి తెలియని సంగతి లేదు. ఎన్ని నెలలకు ఏం పెట్టాలి, ఎంత ఇనుము, ఎంత కొవ్వు, అన్నీ ఫోనులో చూసి నాకే చెబుతుంది. నేను పదేళ్లకు తెలుసుకున్నది అది పది నిమిషాల్లో తెలుసుకుంది. దానికి లేనిది పక్కన మనిషి. పుట్టింట్లో నలభై రోజులుండి వెళ్లిపోయింది. ఆ నగరంలో పన్నెండో అంతస్తులో పొద్దున్నుంచి రాత్రి దాకా అది, బిడ్డ. 2017లో చట్టాన్ని సవరించాక ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల సెలవు దొరుకుతోంది. అంటే సరిగ్గా ఆరు నెలలు. బాగుంది. మరి తల్లిపాలతో పాటు పై తిండి మొదలుపెట్టి, రోజుకు మూడు నాలుగుసార్లు ఓపిగ్గా తినిపించాల్సిన ఏడో నెలలో అది కంప్యూటరు ముందు కూర్చోవాలి.

అది సెలవు దొరికిన అదృష్టవంతురాలు. మా గట్టు మీద చేపలమ్మే ఆడవాళ్లకు ఏ కంపెనీ సెలవిస్తుంది? రొయ్యల కంపెనీలో ఐసు గడ్డల మధ్య నిలబడి తలకాయలు ఒలిచే రోజుకూలీ పిల్లకు? మా అమ్మకు పక్కింటి పిన్ని ఉంది. ఇప్పుడు ఆ పక్కింటి పిన్నీ కూలికే పోతోంది, అమ్మమ్మా పోతోంది. బిడ్డ ఆరేళ్ల అక్క చంకలో, చేతిలో పొట్లంతో మిగులుతున్నాడు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీలు ఈ యాభై ఏళ్లలో ఎందరు పిల్లల్ని నిలబెట్టాయో నేను బడిలో కళ్లారా చూశాను. గుడ్డు, పప్పు, తూకం, టీకా అన్నీ అక్కడున్నాయి. కానీ మూడేళ్లలోపు బిడ్డకు అక్కణ్ణించి పిండి ఇంటికి వెళ్తుంది. ఇంట్లో కలిపి పెట్టే చెయ్యి లేకపోతే ఆ పిండి పెద్దపిల్లల లడ్డూ అవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చంటిబిడ్డల్ని చూసుకునే చోటు ప్రతి పేటకూ కావాలి. అది అడగాల్సింది తల్లులొక్కరే కాదు, మగవాళ్లు కూడా. వంతెన కావాలని అడిగాం, అవతలి ఒడ్డున ఎదుర్లంకకు పంటు ఎక్కి పోయే రోజులు పోయి బాలయోగి వంతెన వచ్చింది. బిడ్డల కోసం అలా అడిగినవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

సణుగుడు ఆపి వంటింట్లోకి వెళ్లాను. చీరమీను మూడుసార్లు కడిగి, ఇసుక దిగేదాకా ఉంచి, కారం, ఉప్పు లేకుండా పసుపు వేసి మెత్తగా ఉడికించాను. వేలెడంత కూడా లేని చేప. ముల్లు వేళ్ల మధ్యనే నలిగిపోతుంది. ఒక చెంచాడు తీసి, మెత్తటి అన్నంలో, ములగాకు పప్పులో కలిపి, జల్లెడలో రుద్ది, నెయ్యి చుక్క వేశాను. ఆరు నెలలు నిండాక చేప, గుడ్డు పెట్టాలని మా పేట అంగన్‌వాడీ టీచరు మొన్ననే చెప్పింది. "అమ్మమ్మగారూ, మాటలు రాకపోయినా పెట్టొచ్చండి" అంది. నాకు తెలుసమ్మా అన్నాను. ఎలా తెలుసో చెప్పలేదు.

మనవరాలు మీటింగులో ఉంది. దాని మొగుడు కాఫీ కప్పుతో అటుగా వచ్చాడు.

"బాబూ, కప్పు అక్కడ పెట్టి చేతులు కడుక్కునిరా. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకో" అన్నాను.

"నేనాండీ అమ్మమ్మగారూ?"

"నువ్వే. వాడికి నాన్న ఒళ్లు కూడా కావాలి."

కుర్చీ బెల్టు విప్పాడు. ఫోను తీసి నేను అలమరలో పెట్టాను. పిల్లవాడు పెద్దగా ఏడ్చాడు. ఏడవనిచ్చాం. అరుగు మీదికి తీసుకొచ్చాం. కాకి వచ్చి ప్రహరీ మీద వాలింది. నా రెండో కూతురు పెరట్లోంచి వచ్చి, తడి చేతులు చెంగుకు తుడుచుకుని, అరుగు మీద వాడి ఎదురుగా కూర్చుంది. ఆ పొట్టితనానికి దాని మొహం సరిగ్గా వాడి మొహం ఎదురుగా ఉంది. గిన్నె దాని చేతికిచ్చాను.

తొలి ముద్ద ఉమ్మేశాడు. నా కూతురు నవ్వి, మూతి తుడిచి, తనే ఇంత నోట్లో వేసుకుని చప్పరించి చూపించింది. వాడు ఏడుపు ఆపి దాని నోటి వంక చూశాడు. రెండో ముద్దకు పెదవులు విప్పాడు. మూడో ముద్దకు తనే ముందుకు వంగి, దాని చెయ్యి పట్టుకుని, నోరు తెరిచాడు.